మూడో తరగతి గోడకు పన్నెండు టెన్సులు ఎందుకు?

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ఉండాలా వద్దా అన్న వాదం 2019 నుంచి చాలా దూరం నడిచింది. కోర్టుల దాకా కూడా వెళ్లింది. ఈ లేఖ దాని గురించి కాదు. మాధ్యమం ఏదైనా ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉండనే ఉంది. ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరుగా ఆ పీరియడ్ చెప్పేవాళ్లలో నేనూ ఒకదాన్ని. నేను అడగదలచింది చిన్న విషయం: మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఇంగ్లీషు క్రియల కాలాలను మనం నేర్పే తీరు మార్చండి.

బజారులో దొరికే టెన్సుల చార్టు మీరు చూసే ఉంటారు. నిలువుగా మూడు కాలాలు, అడ్డంగా నాలుగు రకాలు, వెరసి పన్నెండు గడులు. చివరి గడిలో 'ఐ షల్ హావ్ బీన్ గోయింగ్' అని ఉంటుంది. ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్లకైనా ఆ వాక్యంతో ఏడాదిలో ఎన్నిసార్లు పని పడుతుందో నాకు అనుమానమే. అది మన మూడో తరగతి గోడ మీద వేలాడుతోంది. దాని పక్కనే ఒక్కో క్రియకు మూడు రూపాలు చూపే వీ వన్, వీ టూ, వీ త్రీ పట్టిక. 'గో-వెంట్-గాన్, ఈట్-ఏట్-ఈటెన్' అని పిల్లలు ఎక్కాల్లాగా పాడతారు, తనిఖీకి వచ్చినవారు మెచ్చుకుని వెళ్తారు. ఆ పట్టికను తడుముకోకుండా అప్పజెప్పిన పిల్లనే నిన్న ఎక్కడికి వెళ్లావని ఇంగ్లీషులో అడిగితే 'ఎస్టర్డే ఐ గో మార్కెట్' అంటుంది. పట్టిక ఆమెకు కంఠస్థం అయింది కానీ నోటిమాటలోకి రాలేదు.

ఇది టీచర్ల బద్ధకం వల్ల జరుగుతోందని దయచేసి అనుకోకండి. పరీక్షలో ఏది వస్తే అదే చెబుతాం. 'బ్రాకెట్లో ఉన్న క్రియకు సరైన రూపం రాయండి' అనే ప్రశ్న వస్తుంది కాబట్టి పిల్లలకు కిటుకులు చెబుతాం. 'నౌ' కనిపిస్తే ఐఎన్‌జీ, 'ఎస్టర్డే' కనిపిస్తే వీ టూ, 'ఎవ్రీ డే' కనిపిస్తే ఎస్. మార్కులు పడతాయి. ఆ కిటుకు పుణ్యాన 'ఐ గోస్ ఎవ్రీ డే' అనే వాక్యమూ పుడుతుంది.

మా పిల్లలు చేసే తప్పులు గాలిలోంచి రావడం లేదు. వాటిలో చాలావాటి మూలం తెలుగులో ఉంది, విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. 'నేను రోజూ బడికి వెళ్తాను', 'నేను రేపు ఊరికి వెళ్తాను' అన్నప్పుడు మన క్రియ ఒక్కటే. అలవాటుగా జరిగేదాన్ని మన వ్యాకరణవేత్తలు తద్ధర్మం అని వేరుగా గుర్తించినా, నేటి భాషలో దానికీ భవిష్యత్తుకూ ఒకటే రూపం. ఇంగ్లీషులో అవి రెండు దారులు. కాబట్టి పిల్ల 'వెళ్తాను' అనగానే టీచరు అడగాల్సింది ఒకటే: రోజూనా, రేపా? రోజూ అయితే 'ఐ గో', రేపైతే 'ఐ విల్ గో'. సింపుల్ ప్రెజెంట్ అన్న పేరుతో పని లేకుండానే ఎనిమిదేళ్ల పిల్లకు విషయం అందుతుంది.

'ఐ గోయింగ్' అని 'యామ్' మింగేసే పిల్లలకు 'వెళ్తున్నాను' అన్న మాటను విడదీసి చూపండి. వెళ్తూ ఉన్నాను. ఆ 'ఉన్నాను' ఇంగ్లీషులోనూ ఉండాలి కదా అంటే వాళ్లే వెతికి పెడతారు. 'డిడ్ నాట్ వెంట్' అన్నది ఇంకా మొండి తప్పు, పెద్ద తరగతుల్లోనూ వదలదు. దానికీ మన దగ్గర దారి ఉంది. వెళ్లాను, వెళ్లాడు, వెళ్లింది, వెళ్లారు అని ఎన్నో తీర్లు తిరిగే క్రియ, కాదనేసరికి అందరికీ 'వెళ్లలేదు' అయిపోతుంది. తోకలన్నీ ఊడిపోతాయి. ఇంగ్లీషులోనూ 'డిడ్ నాట్' రాగానే 'వెంట్' తన వేషం తీసేసి 'గో' అయిపోతుంది. ఇది ఒక్కసారి తెలుగులో చెబితే పిల్లల ముఖాల్లో వెలుగు కనిపిస్తుంది. కానీ ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు వినిపించకూడదని పైనుంచి మాట వస్తుంది. లెక్కల పుస్తకంలో ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు అచ్చువేసి ఇస్తున్న మనం, తెలుగు ఇంత అక్కరకొచ్చే చోట దాన్ని గుమ్మం బయట నిలబెట్టడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

ఇక ఏది ముందు, ఏది తరువాత నేర్పాలన్న వరుస. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్న పిల్లలను గమనించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బ్రౌన్ 1973లోనే చూపించాడు: వాళ్లకు 'ఐఎన్‌జీ' ముందు వస్తుంది, 'షీ గోస్'లోని ఆ చివరి ఎస్ చాలా ఆలస్యంగా వస్తుంది. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు వింటున్నవాళ్లకే అది ఆలస్యమైతే, రోజుకు ఒక పీరియడ్ వినే పిల్లకు ఆ ఎస్ మరిచినందుకు మూడో తరగతిలో మార్కు కోయడం అన్యాయం. అడగకపోయినా చెబుతున్నాను, మూడో తరగతికి ఇప్పుడు జరుగుతున్నదీ రోజూ జరిగేదీ చాలు. నాలుగులో నిన్నటి సంగతులు, రోజూ వాడే ఓ ఇరవై క్రియలతో. రేపటి మాటలు, ప్రశ్నలు, కాదనడాలు ఐదుకు ఉంచండి. 'ఐ హావ్ ఈటెన్' లాంటి పర్ఫెక్ట్ రూపాలను హైస్కూలుకు పంపేయండి. 'ఇప్పుడే తిన్నాను' అనడానికి అమెరికావాళ్లే చాలాసార్లు 'ఐ జస్ట్ ఏట్' అని సరిపెట్టుకుంటారు, మన పిల్లలకేం తొందర?

వ్యాకరణం అసలు చెప్పవద్దనే వారూ ఉన్నారు. 1979 నుంచి 1984 వరకు ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు మన పక్కనే, బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో ఆ ప్రయోగం చేశారు. సూత్రాలు చెప్పకుండా పటాలు, రైళ్ల సమయ పట్టికలు ఇచ్చి, వాటి మీద లెక్కలు విప్పిస్తూ ఇంగ్లీషు నేర్పారు. ఆ పద్ధతి పేరు ప్రపంచమంతా పాకింది. నాకు ఆ పనులు నచ్చుతాయి, రైలు సమయాలు చదివిస్తే 'లీవ్స్', 'అరైవ్స్' వాటంతట అవే నోటికి వస్తాయి. అయితే బడి బయట ఇంగ్లీషు ముక్క వినపడని ఊళ్లో అది ఒక్కటే చాలదు. రెండు నిమిషాల తెలుగు వివరణ, ఆ తరువాత ఇరవై నిమిషాల మాటలు, ఆటలు. నేను కోరే పాళ్లు ఇవి.

దీనికి కొత్త పథకం అక్కరలేదు, ట్యాబులూ అక్కరలేదు. ఐదో తరగతి లోపు ప్రశ్నపత్రాల్లో టెన్సు పేరు అడగడం, బ్రాకెట్లో క్రియ మార్చమనడం ఆపించండి. బదులుగా ఒక బొమ్మ ఇచ్చి ఇందులో ఎవరేం చేస్తున్నారో చెప్పమనండి, నిన్న నువ్వేం చేశావో మూడు వాక్యాల్లో చెప్పమనండి. నోటితో చెప్పినదానికి మార్కులు వేసే అధికారం టీచరుకు ఇవ్వండి. తెలుగులో వివరించినందుకు ఏ టీచరూ సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని లేదని ఒక సర్క్యులర్ పంపండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో యాప్‌ల లెక్కలకు పోయే సమయంలో ఒక గంట ఈ క్రియల పాఠానికి మిగల్చండి. ప్రాథమిక తరగతుల ఇంగ్లీషు ప్రశ్నపత్రం తయారు చేసేచోట, ఆ తరగతులకు రోజూ పాఠం చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లు ఇద్దరినైనా కూర్చోబెట్టండి. వచ్చే ఫార్మేటివ్ పరీక్షకే ఇది మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు