వంశంలో కుంగుబాటు ఉంటే ఆ మాట వైద్యుడి దగ్గర దాచవద్దు

సంపాదకులకు నమస్కారం.

మా ప్రాంతంలో ఎవరైనా ఆత్మహత్య చేసుకున్నారని తెలిస్తే చాలు, కర్మకాండలు ముగియకముందే 'వాళ్ల నాయన కూడా అంతే, ఆ వంశంలోనే ఉంది' అన్న మాట ఊరంతా పాకిపోతుంది. ఆ మాట విన్న ఆ ఇంటి పిల్లలు ఎంత కుమిలిపోతారో, రేపు వాళ్లకు రావలసిన పెళ్లి సంబంధాలు ఏమవుతాయో ఆలోచించేవాళ్లు తక్కువ. ఈ భయంతోనే చాలా కుటుంబాలు కుంగుబాటు (డిప్రెషన్) అనే జబ్బును చుట్టాల దగ్గర దాచడం మొదలుపెట్టి, చివరికి వైద్యం చేసే డాక్టరు దగ్గర కూడా దాస్తున్నాయి. ఉన్నత పాఠశాలలో చాలాకాలం జీవశాస్త్రం చెప్పి, అనువంశికత పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల నుంచి 'ఈ జబ్బు వంశంలో వస్తుందా?' అన్న ప్రశ్నను ఎదుర్కొన్నవాడిగా, నాకు తెలిసినంతవరకు దీనికి సమాధానం రాయాలనిపించింది.

కుంగుబాటుకు వంశంతో సంబంధం ఉంది. ఆ సంగతిని దాచిపెట్టి ధైర్యం చెప్పడం వల్ల మేలు జరగదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే, వేరువేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో సగటున సగమే ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి, ఈ రెండు రకాల జంటల్లో జబ్బు ఇద్దరికీ రావడంలో ఎంత తేడా ఉందో చూసి, జన్యువుల వాటా ఎంతో శాస్త్రవేత్తలు లెక్క కడతారు. అటువంటి అధ్యయనాలను సలివన్, నీల్, కెండ్లర్ అనే ముగ్గురు పరిశోధకులు 2000లో ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు ఆ వాటా దాదాపు 37 శాతంగా తేలింది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి, లేనివారితో పోలిస్తే అది వచ్చే అవకాశం రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువని కూడా అదే పరిశీలనలో కనిపించింది.

అయితే ఈ అంకెలను తప్పుగా అర్థం చేసుకునేవారు చాలామంది. 37 శాతం అంటే, తండ్రికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 37 పాళ్లని కాదు. ఒక జనాభాలో కొందరికి ఈ జబ్బు వచ్చి కొందరికి రాకపోవడానికి గల తేడాలో అంత వాటా జన్యువులదని మాత్రమే దాని అర్థం; మిగిలిన పెద్ద వాటా మనిషి బతుకులో ఎదురైనవాటిది. మన దేశంలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురైనవారు పెద్దవాళ్లలో నూటికి సుమారు అయిదుగురు. (ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేకపోవడం విచారకరం.) దాన్ని రెండు, మూడు రెట్లు చేసినా పది నుంచి పదిహేను మందే అవుతారు. అంటే ఇంట్లో ఈ జబ్బు ఉన్నవారి పిల్లల్లో కూడా అది రానివారే ఎక్కువమంది. 'ఆ వంశంలోనే ఉంది' అని తీర్పు చెప్పేవారికి ఈ లెక్క తెలియాలి.

మా పాఠ్యపుస్తకంలో మెండెల్ బఠానీ మొక్కల పాఠం చదివిన పిల్లలు, కుంగుబాటుకు కూడా ఒక జన్యువు ఉంటుందని, అది ఉంటే జబ్బు, లేకపోతే ఆరోగ్యం అని అనుకుంటారు. ఈ జబ్బు అలా రాదు. 8 లక్షల మందికి పైగా జన్యు వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో కుంగుబాటుతో సంబంధం ఉన్న 102 జన్యు తేడాలు బయటపడ్డాయి, అందులో ఏ ఒక్కదాని ప్రభావమైనా అతి స్వల్పం. ఆ తేడాల్లో కొన్ని మనలో ప్రతి ఒక్కరిలోనూ ఉంటాయి. కాబట్టి ఫలానావారికి కుంగుబాటు వస్తుందని రక్తం తీసి ముందుగా తేల్చిచెప్పే పరీక్ష ఏదీ లేదు. ఎవరైనా అలాంటి పరీక్ష పేరు చెప్పి డబ్బు అడిగితే నమ్మవద్దు. వంశం నుంచి వచ్చేది జబ్బు కాదు, దానికి లొంగే గుణం. పొగాకు ధర పడిపోయి బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) మీద తెచ్చిన అప్పు మిగిలిపోయిన ఏడాదో, రొయ్యల గుంటకు తెల్లమచ్చ తెగులు తగిలి పెట్టుబడంతా పోయిన ఏడాదో, అదే కష్టం పక్కపక్కనే ఉన్న ఇద్దరు రైతులకు వచ్చినప్పుడు, ఒకరు కొన్నాళ్లు బాధపడి తేరుకుంటే మరొకరు మంచం పట్టడానికి ఉన్న కారణాల్లో ఈ గుణం ఒకటి.

జన్యువులతో పాటు పిల్లలకు ఆ ఇల్లు కూడా సంక్రమిస్తుంది. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్న తల్లి పక్కన పెరిగే పిల్ల, బడి నుంచి వచ్చి అన్నం తనే పెట్టుకుని, అమ్మకు ఏమైందో ఎవరినీ అడగకుండా ఉండడం నేర్చుకుంటుంది. అటువంటి పిల్లలు తరగతి గదిలో ఎలా ఉంటారో ఉపాధ్యాయులందరికీ తెలుసు. ఇక్కడే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం ఒకటుంది. అమెరికాలో మిర్నా వైస్‌మన్, ఆమె సహచరులు కుంగుబాటుకు చికిత్స పొందుతున్న తల్లులను, వారి పిల్లలను కలిపి పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నెలల్లో తల్లికి జబ్బు నయమైన ఇళ్లలో పిల్లల మానసిక సమస్యలు తగ్గాయని, నయం కాని ఇళ్లలో పెరిగాయని తేలింది. అదే తల్లి, అవే జన్యువులు. తల్లికి వైద్యం అందితే పిల్లలకు కూడా మేలు జరిగింది. వంశంలో ఉందని చేతులు ముడుచుకుని కూర్చునేవారికి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఇక దాచడం వల్ల జరిగే నష్టం. మా దగ్గరి బంధువుల కుర్రవాడికి ఇరవై ఏళ్ల వయసులో నిద్ర పట్టక, తిండి సహించక, కాలేజీకి పోవడం మానేస్తే, నెల్లూరులో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లారు. నేను కూడా వెంట ఉన్నాను. 'ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా అమ్మా?' అని ఆయన అడిగితే, తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, 'మా వంశంలో ఎవరికీ లేదండీ, దిష్టి తగిలిందేమో' అంది. కుర్రవాడు తల వంచుకుని టోకెన్ చీటీని చిన్న చిన్న మడతలు పెడుతూ కూర్చున్నాడు. అప్పుడు వాళ్ల పెద్దమ్మ, 'ఎందుకమ్మా దాచడం, వీడి మేనమామ సంగతి చెప్పు' అని తనే మొదలుపెట్టింది. ఆ మేనమామ కొన్నాళ్లు నిద్ర లేకుండా, ఊరందరికీ డబ్బు పంచుతూ, ఒక్కరోజులోనే రెండు ఎద్దుల జతలు బేరమాడి, ఆ తరువాత నెలలపాటు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేవాడట. వైద్యుడు కలం పక్కన పెట్టి ఆమె చెప్పిందంతా విన్నారు. తరువాత కుర్రవాడిని మరికొంతసేపు ప్రశ్నించి, అనుకున్న మందు మార్చి రాశారు.

ఎందుకు మార్చారో ఆయనే వివరించారు. ఒకప్పుడు ఉద్రేకం, ఒకప్పుడు కుంగుబాటు వచ్చే బైపోలార్ జబ్బుకు వంశంతో ఉన్న సంబంధం మామూలు కుంగుబాటు కంటే చాలా ఎక్కువ. ఆ జబ్బు ఉన్న మనిషికి కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే కొందరిలో ఉద్రేకం తిరగబెట్టవచ్చు. కాబట్టి మేనమామ కథ ఆ గదిలో బయటికి రాకపోతే, కుర్రవాడికి చేసే వైద్యమే ప్రమాదం తెచ్చిపెట్టేది కావచ్చు. కుటుంబంలో ఒకరికి బాగా పనిచేసిన మందు పేరు తెలిసినా వైద్యుడికి ఒక ఆధారం దొరికినట్టే. కాన్పు తరువాత తల్లికో అక్కకో కుంగుబాటు వచ్చిందని ముందే తెలిస్తే గర్భిణి విషయంలో కూడా జాగ్రత్త పడతారు.

షుగర్ గురించి, బీపీ గురించి మనం పెళ్లి పందిట్లో కూడా మాట్లాడుకుంటాం. దీని గురించి పెళ్లి పందిట్లో మాట్లాడమని నేను అడగడం లేదు, ఆసుపత్రి గదిలో చెప్పమనే అడుగుతున్నాను. అక్కడ చెప్పిన మాట బయటికి పోతుందని భయపడేవారికి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చిందని తెలియజేస్తున్నాను. నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర ఆరోగ్య రొట్టె పట్టినవారి మొక్కును గాని, కసుమూరు దర్గాలో నిద్ర చేసేవారి నమ్మకాన్ని గాని నేను తప్పుపట్టను. ఎవరి దారి వారిది. అయితే రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉన్న మనిషిని, ముఖ్యంగా ఇంట్లో ఇంతకుముందు ఈ జబ్బు చూసినవారు, ఆ మొక్కు తీరేదాకా ఆపకుండా వైద్యుడికి కూడా చూపించాలని నా విన్నపం.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది. జిల్లా పేజీల్లో ఆత్మహత్య వార్తలు వేసేటప్పుడు, 'గతంలో తండ్రి కూడా ఇలాగే మరణించాడు' అన్న వాక్యం అవసరమా కాదా అని ఒకసారి ఆలోచించండి, ఎందుకంటే ఆ ఇంటి పిల్లలు కూడా మీ పాఠకులే. ఆ వాక్యం స్థానంలో, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను నంబరు 14416ను ప్రతి వార్త కింద ముద్రించండి. అది ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.