చీటీ మీద వేలు పెట్టి ఆగిన ఫార్మసిస్టు గారికి

శిక్షణ మొదటి వారంలో నా చేతికి ఒక మందుల చీటీ ఇచ్చి, "ఏమైనా కనబడుతోందా?" అని అడిగిన ఫార్మసిస్టు గారికి కృతజ్ఞతలు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, రోజూ ఒకసారి. నేను అంకె చూసి సరేనన్నాను. మీరు కసరలేదు. "రోజూ" అన్న మాట మీద వేలు పెట్టి ఆగారు, అంతే. ఆ జబ్బుకు వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్న సంగతే!

డాక్టరుకు ఫోను నాచేతే చేయించారు. గొంతు వణుకుతుంటే పక్కనే నిలబడ్డారు గానీ ఫోను అందుకోలేదు. ఆ తర్వాత, రోగిని అడిగి, మందు పొట్లం మీద "సోమవారం మాత్రమే" అని రాయించారు.

ఇప్పుడు నా దగ్గరికీ విద్యార్థులు వస్తున్నారు. వేలు పెట్టడం వచ్చింది. ఆగడమే ఇంకా రాలేదు.