పోస్టరులో పేరు లేనివాడి కృతజ్ఞతలు

నిన్న రాత్రి, తొమ్మిది నెలల తరువాత, మళ్ళీ లైటింగ్ బోర్డు ముందు కూర్చున్నాను. మూడో గంట మోగింది. హాలులో దీపాలు వరుస వెంట వరుస తగ్గించాను. తెర లేవబోయే ముందు వచ్చే ఆ రెండు మూడు క్షణాల చీకటిలో చేతులు వణికాయి. తెర లేచాక వణుకు దానంతట అదే పోయింది. ప్రదర్శన ముగిసి, సామాను సర్దించి, ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. ఈ తొమ్మిది నెలలూ నన్ను నిలబెట్టినవాళ్ళకు చెప్పవలసిన మాట ఇంకా చెప్పలేదు. అందుకే లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇరవై రెండేళ్ళుగా రంగస్థలానికి దీపాలు అమర్చడం నా వృత్తి. నాటకం, నృత్యం, సంగీత కచేరీ, ఏది వస్తే అది. నెల జీతం లేదు, జీతంతో సెలవు లేదు. ప్రదర్శన ఉంటే డబ్బు, లేకపోతే లేదు. ఈ రంగంలో దాదాపు అందరి బతుకూ ఇంతే, కొత్తగా చెప్పేది కాదు.

ఒక నృత్య ప్రదర్శనకు ముందు రోజు స్పాట్ లైట్లు ఫోకస్ చేస్తుండగా నిచ్చెన జారింది. ఎనిమిది అడుగుల ఎత్తు ఉంటుందేమో. తల తగలకూడదని కాళ్ళ మీద దిగాను. కుడి మడమ ఎముక ముక్కలైంది. ఎత్తు నుంచి దూకినవాళ్ళకూ పడినవాళ్ళకూ తరచుగా విరిగే ఎముక అదేనని డాక్టరుగారు చెప్పారు. శస్త్రచికిత్స చేసి లోపల పలక, మరలు బిగించారు. పన్నెండు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. ఏడాది వరకు నిచ్చెన మాట ఎత్తవద్దన్నారు. నిచ్చెన ఎక్కకుండా లైట్లవాడు ఏం చేస్తాడని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. జవాబు దొరకలేదు. ప్రదర్శన నిర్వాహకులు మొదటి రోజు ఆసుపత్రికి వచ్చి పరామర్శించి వెళ్ళారు. తరువాత ఫోను ఎత్తలేదు. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను, ఈ రాత కృతజ్ఞతల కోసం.

దాచుకున్నది రెండో నెలకే అయిపోయింది. అయినా సాయం అడగడానికి నాకు మరో నెల పైనే పట్టింది. కళాకారులకు ఆపదలో అండగా నిలిచే సహాయ నిధి ఒకటి ఉందని నాకు ఏనాటి నుంచో తెలుసు. దాని కోసం జరిగిన ప్రదర్శనలకు నేనే రెండుసార్లు దీపాలు పెట్టాను. కానీ అది వేదిక మీద నిలబడేవాళ్ళ కోసం, పాడేవాళ్ళ కోసం, నటించేవాళ్ళ కోసం అనుకున్నాను. నేను కళాకారుణ్ణా? తీగలు లాగి, దీపాలు బిగించి, చీకట్లో కూర్చునేవాణ్ణి. పైగా చేయి చాచడమంటే ఒళ్ళు చచ్చిపోయేది. "ఏమండీ, వాళ్ళు కాదంటే కాదంటారు, అడగడానికేం పోయింది?" అని నా భార్య ఎన్నిసార్లు అందో లెక్కలేదు. చివరికి ఇరవై ఏళ్ళుగా నేను అన్నయ్యా అని పిలిచే స్టేజి మేనేజరు ఇంటికి వచ్చి, "నువ్వు దీపం వేయకపోతే హీరో ముఖం ఎవరు చూస్తారు తమ్ముడూ? రాయి దరఖాస్తు" అని పక్కన కూర్చుని రాయించాడు.

ఇలా అనుకునేవాణ్ణి నేనొక్కణ్ణే కాదని తరువాత తెలిసింది. న్యూయార్క్‌లో 1882లో మొదలైన యాక్టర్స్ ఫండ్ 2022లో తన పేరును ఎంటర్‌టైన్‌మెంట్ కమ్యూనిటీ ఫండ్ అని మార్చుకుంది. సంగీతకారులకు, నృత్యకారులకు, తెరవెనుక సిబ్బందికి, సినిమా, టీవీ పనివాళ్ళకు అది ఎంతోకాలంగా సాయం చేస్తూనే ఉంది. పేరులో మాత్రం నటులే ఉండడంతో, అది తమది కాదని మిగతావాళ్ళు అనుకునేవారట. నూట నలభై ఏళ్ళ పేరును నాలాంటివాళ్ళ కోసం వదులుకున్నారని చదివినప్పుడు, నేను దండగ చేసుకున్న ఆ నెల గుర్తుకొచ్చి బాధ వేసింది.

ఇక దరఖాస్తు సంగతి. ఈ రంగంలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నట్టు, బతుకుతెరువు ఇదేనన్నట్టు రుజువులు కావాలన్నారు. అడగడం న్యాయమే, అది నలుగురు ఇచ్చిన డబ్బు. అటక మీద ఉన్న రేకు పెట్టె దింపించి, ఇరవై రెండేళ్ళ పోస్టర్లు, కరపత్రాలు, ఆహ్వానాలు మంచం మీద పరిచాము. మంచం నిండిపోయింది. ఒక్కొక్కటీ తీసి నా పేరు వెతుకుతూ కూర్చున్నాము. రచన, దర్శకత్వం, సంగీతం, నటీనటులు, కొన్నింట్లో కుర్చీలు, షామియానాలు ఇచ్చినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. నా పేరు తొమ్మిదింటిలో దొరికింది. వాటిలో రెండింటిలో తప్పు పడింది. నా భార్య ఏమీ అనకుండా ఆ తొమ్మిదీ పక్కన పెట్టి, మిగతావి జాగ్రత్తగా మళ్ళీ పెట్టెలో సర్దింది.

నా దరఖాస్తు చూసిన సామాజిక కార్యకర్త వయసులో నాకంటే చాలా చిన్నది. పోస్టర్లు సరిపోవేమోనని భయపడుతూ, పెట్టె అడుగున దొరికిన పాత క్యూ షీట్లు కూడా పట్టుకువెళ్ళాను. ఏ సంభాషణ దగ్గర ఏ దీపం వెలగాలో, ఏది తగ్గాలో నా చేత్తో రాసుకున్న కాగితాలు అవి. చాలావాటి అంచులు చిరిగాయి, కొన్నింటి మీద టీ మరకలు. ఆమె ఒక కాగితం చాలాసేపు చదివింది. "నలభై ఏడు: ఆమె కిటికీ వైపు తిరగగానే, ఎడమ పక్క పసుపు, లెక్క ఐదు" అని ఉంది. "లెక్క ఐదు అంటే ఏమిటి సార్?" అని అడిగింది. ఆ వెలుతురు పూర్తిగా రావడానికి ఐదు సెకన్లు పట్టాలి, అంతకంటే త్వరగా వస్తే ప్రేక్షకుడికి దీపం కనబడుతుంది, నెమ్మదిగా వస్తే తెల్లవారినట్టు ఉంటుంది అని చెప్పాను. ఆమె అది తన కాగితం మీద రాసుకుంది. ఆ తరువాత, "పోస్టరులో పేరు ఉండాలని ఎక్కడా లేదు సార్. ఇవి చాలు. స్టేజి మేనేజరుగారి ఉత్తరం ఒకటి జతచేయండి" అంది.

ఇరవై రెండేళ్ళలో నా క్యూ షీటు చదివి అర్థం అడిగిన మొదటి బయటి మనిషి ఆమె. సాయం అందక ముందే నాకు సగం ఊపిరి వచ్చింది.

ఏమేం చేశారో వివరంగా రాస్తాను. నాలాగే అటూ ఇటూ ఊగిసలాడుతున్నవాళ్ళకు తెలియాలి కదా. నాలుగు నెలల ఇంటి అద్దె ఇంటి యజమానికే నేరుగా కట్టారు. ఫిజియోథెరపీ ఖర్చు వాళ్ళే భరించారు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు అని కాగితం మీదే రాసి ఇచ్చారు. నా పేరు, నా కష్టం ఎక్కడా బయటపెట్టలేదు. ఏ సభలోనూ నన్ను వేదిక ఎక్కించి ఫొటో తీయలేదు. ఇప్పుడు బయటపెడుతున్నది నేనే, నా ఇష్టంతోనే.

అన్నింటికంటే నాకు ఎక్కువ ఉపకారం చేసింది ఆరుసార్లు జరిగిన కౌన్సెలింగ్. మొదట అక్కరలేదన్నాను. విరిగింది మడమ కదా, మనసుకేం అనుకున్నాను. కానీ రోజూ తెల్లవారుజామున పడిపోతున్నట్టు ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలు ఎక్కాలన్నా చెమటలు పట్టేవి. ఆ కౌన్సెలర్‌కు మా రంగం తెలుసు. సాయంత్రాలూ పండుగలూ మాకు పనిరోజులని తెలుసు, ప్రదర్శన ముగిశాక వచ్చే వెలితి తెలుసు, పని లేని నెలల్లో మనిషి తనను తాను ఎంత చులకన చేసుకుంటాడో తెలుసు. "ఈ అస్థిరమైన పని మానేసి ఏదైనా నిలకడైన ఉద్యోగం చూసుకోకూడదా?" అని చుట్టాలందరూ అడిగారు, ఆయన ఒక్కరే అడగలేదు. దానికి ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

నాలుగో నెలలో ఆ సామాజిక కార్యకర్తే, "ఏడాదిదాకా నిచ్చెన లేదంటున్నారు, ఈలోగా బోర్డు నేర్చుకోండి" అని కంప్యూటర్ మీద లైటింగ్ ప్రణాళిక గీయడం, కొత్తరకం బోర్డులో క్యూలు నమోదుచేయడం నేర్పే శిక్షణలో చేర్పించింది. తరగతిలో అందరిలోకీ పెద్దవాణ్ణి నేనే. ఊతకర్ర గోడకు ఆనించి ముందు వరుసలో కూర్చునేవాణ్ణి. నిన్న నిచ్చెన ఎక్కింది ఇద్దరు కుర్రవాళ్ళు. కింద ఒకరు పట్టుకోనిదే పైన ఇంకొకరు ఎక్కకూడదని వాళ్ళకు మొదటి రోజే చెప్పాను, నిన్న పొద్దున మళ్ళీ చెప్పాను.

మంచం మీద ఉన్న రోజుల్లో ఈ సహాయ నిధులు అసలు ఎలా పుట్టాయో వెతికి చదివాను. లండన్‌లో కిచ్ అనే ఓబో వాద్యకారుడు (ఓబో అంటే సన్నాయిలా ఊది వాయించే వాద్యం) చనిపోయాక, ఆయన కొడుకులిద్దరు వీధిలో పాల కోసం పెంచే గాడిదలను తోలుకుంటూ పోవడం తోటి సంగీతకారుల కంట పడింది. ఎంతో పేరున్న వాద్యకారుడి పిల్లలు! వాళ్ళను చూసి తట్టుకోలేక 1738లో అందరూ కలిసి ఒక నిధి మొదలుపెట్టారు. హాండెల్ అంతటి స్వరకర్త దాని కోసం కచేరీలు చేసి, తన వీలునామాలో వెయ్యి పౌండ్లు రాసి పోయాడు. అదే నేటి రాయల్ సొసైటీ ఆఫ్ మ్యుజీషియన్స్. ఆ పిల్లల గురించి చదివిన రాత్రి మా పిల్లల గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

ఇంకొకటి ఇటలీది. వృద్ధులైన సంగీతకారుల కోసం వెర్డి అనే ప్రఖ్యాత స్వరకర్త మిలాన్‌లో ఒక ఇల్లు కట్టించాడు. తను బతికి ఉండగా దాన్ని తెరవవద్దన్నాడు. లోపల ఉండేవాళ్ళు వచ్చి తనకు కృతజ్ఞతలు చెప్పడం ఆయనకు ఇష్టంలేదట. 1901లో ఆయన పోయాక, 1902లో తెరిచారు. ఆయన సమాధి కూడా ఆ ఇంట్లోనే ఉంది. నాకు సాయం చేసిన సంస్థవాళ్ళు కూడా ఈ రాతలో తమ పేరు వేయవద్దని అడిగారు. మొదట అర్థం కాలేదు. వెర్డి కథ చదివాక అర్థమైంది, అందుకే పేరు రాయడంలేదు. కానీ కృతజ్ఞత చెప్పవద్దంటే మాత్రం నేను వినను.

మరి వీళ్ళకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? పెద్ద దాతలు ఇచ్చేది ఉంటుంది. తోటివాళ్ళు ఇచ్చే చిన్న మొత్తాలు అంతకంటే ముఖ్యమని నాకు అనిపిస్తుంది. హాలీవుడ్‌లో మేరీ పిక్‌ఫోర్డ్, చాప్లిన్ వంటి సినిమా తారలు 1921లో మొదలుపెట్టిన సహాయ నిధికి, 1932 నుంచి స్టూడియో ఉద్యోగులు తమ సంపాదనలో అర శాతం ఇస్తామని మాట ఇచ్చి కట్టారు. అర శాతం అంటే ఇచ్చేవాడికి తెలియనంత. అవతల పడి ఉన్నవాడికి అది నాలుగు నెలల అద్దె. మన బృందాల్లో కూడా ప్రతి ప్రదర్శన లెక్కలో ఇలా ఒక పిసరు పక్కన పెట్టాలని అన్నయ్యతో అన్నాను. నిన్నటి ప్రదర్శనతో మొదలుపెట్టాము.

తెరవెనుక ఉన్న నా తోటివాళ్ళకు ఒక మాట. మేకప్ చేసేవాళ్ళు, దుస్తులు కుట్టేవాళ్ళు, సెట్టు వేసేవాళ్ళు, సౌండ్ చూసేవాళ్ళు, పక్క తెర చాటున నిలబడి మాట అందించేవాళ్ళు, అందరికీ చెబుతున్నాను. మీరు చేసిన ప్రతి పనికీ ఒక కాగితం ఉంచుకోండి. పోస్టరు, ఒప్పందం, డబ్బు ముట్టిన రసీదు, చివరికి మీ చేతిరాత కాగితమైనా సరే. ఆపద వస్తే దాచుకున్నది అయిపోయేదాకా ఆగకండి, మొదటి వారంలోనే అడగండి. ఆ నెల నేను ఆగకపోయి ఉంటే నా భార్య గాజులు అమ్మవలసి వచ్చేది కాదు.

ఇక పేరుపేరునా చెప్పవలసినవాళ్ళు. పక్కన కూర్చుని దరఖాస్తు రాయించిన అన్నయ్యకు. ఆసుపత్రిలో రాత్రిళ్ళు నా దగ్గర వంతులవారీగా ఉన్న సౌండ్ మనిషికి, మేకప్ మాస్టారుకు. ఆలస్యమైన రెండు నెలలూ ఒక్క మాట అనకుండా ఓపిక పట్టిన ఇంటి యజమానికి. కాలు మొదటిసారి నేల మీద మోపిన రోజు నాకంటే ఎక్కువ సంతోషించిన ఫిజియోథెరపిస్టుకు. ఆ కౌన్సెలర్‌గారికి. నేను ఎన్నడూ చూడని, చూడబోని దాతలకు. ఊతకర్రలు చేత పట్టుకుని నా వెంట తిరిగిన నా పిల్లలకు. నా భార్యకు, ఆమెకు ఇంట్లో విడిగా చెబుతాను. అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నిన్న వేసింది ఆ కిటికీ ఉన్న నాటకమే, ఆరేళ్ళ తరువాత మళ్ళీ వేస్తున్నారు. పాత క్యూ షీటునే కొత్త బోర్డులోకి ఎక్కించాను. శనివారం మరో ప్రదర్శన ఉంది. ఆ సామాజిక కార్యకర్తకు రెండో వరుసలో సీటు ఉంచమని అన్నయ్యకు చెప్పాను. వస్తానంది. నలభై ఏడో క్యూ ఎప్పుడు వస్తుందో ముందే చెప్పవద్దని, తనే పట్టుకుంటానని అంది.