కార్యదర్శి వార్షిక నివేదిక – సర్వసభ్య సమావేశానికి

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వనభోజనాలు, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి వాటి గురించి మళ్లీ రాయను. ఆదివారం తెలుగు బడిలో పిల్లలు పెరిగారు, టీచర్లు పెరగలేదు. క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనోత్సవాలకు ఈసారి కూడా మనవాళ్లు కొందరు వాలంటీర్లుగా వెళ్లారు. వారికి అభినందనలు.

ఈ ఏడాది మన తెలుగు సంఘం గొప్పగా చెప్పుకోవలసింది మాత్రం, అమెరికన్ జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు ఆల్బర్ట్ ఐలర్ సంగీతం వినడానికి జూలైలో జరిపిన సాయంత్రం గురించే. "ఈ జాజ్ గోల మనకెందుకండీ, సినిమా పాటల నైట్ పెట్టండి" అని కార్యవర్గంలోనే అన్నవారున్నారు. పేర్లు రాయను. ఆ రోజు ముందు వరుసలో కూర్చున్నదీ వాళ్లే.

రాలేకపోయినవారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. ఐలర్ 1936 జూలై 13న మన క్లీవ్‌లాండ్‌లోనే పుట్టాడు, పక్కనే ఉన్న షేకర్ హైట్స్‌లో పెరిగాడు. తండ్రి ఎడ్వర్డ్ దగ్గరే ఆల్టో శాక్సోఫోన్ నేర్చుకున్నాడు. తండ్రీకొడుకులు కలిసి చర్చిలో వాయించేవారు. టీనేజిలోనే వేసవి సెలవులకు బ్లూస్ కళాకారుడు లిటిల్ వాల్టర్ బృందంతో ఊళ్లు తిరిగాడు. 1958లో సైన్యంలో చేరి, ఫ్రాన్స్‌లో మిలిటరీ బ్యాండులో వాయిస్తూ, ఆల్టో కంటే మంద్రంగా పలికే టెనర్ శాక్సోఫోన్‌కు మారాడు. అక్కడ ఒంటబట్టిన కవాతు బాణీలు ఆ తర్వాత కూడా అతని సంగీతంలో వినిపిస్తూనే ఉంటాయి.

సైన్యం నుంచి తిరిగొచ్చాక ఇక్కడి జాజ్ వాళ్లు అతని వాయింపు విని మొహం తిప్పేసుకున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా! 1962లో స్వీడన్ వెళ్లి అక్కడే తొలి రికార్డింగ్ చేశాడు. 1964 జూలై 10న న్యూయార్క్‌లో డబుల్ బాస్ మీద గ్యారీ పీకాక్, డ్రమ్స్ మీద సన్నీ మరే తోడుగా 'స్పిరిచ్యువల్ యూనిటీ' రికార్డు చేశాడు. మొత్తం అరగంట కూడా ఉండదు. ఫ్రీ జాజ్ గురించి, అంటే తాళం, స్వరాల కట్టుబాట్లు వదిలేసి వాయించే జాజ్ గురించి ఎవరు మాట్లాడినా ఆ రికార్డు దగ్గర ఆగాల్సిందే.

మనం ఆ రోజు వినిపించింది అందులోని 'గోస్ట్స్'. మొదట జానపదంలాంటి చిన్న బాణీ వస్తుంది, పిల్లలు కూడా వెంటనే అందుకున్నారు. కాసేపటికే ఆ బాణీ ముక్కలైపోయి కేకలు, మూలుగులు, బొంగురు అరుపులు మొదలవుతాయి. ఊరేగింపు గుడి మలుపు తిరిగేటప్పుడు సన్నాయి గొంతు చించుకున్నట్టు ఉంటుంది. శాక్సోఫోన్ అంటే దాని మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారి గమకాలే తెలిసిన మనవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మృదంగం నేర్చుకుంటున్న కుర్రాడొకడు తొడమీద తాళం వేయబోయి, లెక్క కుదరక చెయ్యి ఆపేశాడు. అప్పుడు వాళ్ల మాస్టారే లేచి, "లెక్క వెతకకురా, ఆ డ్రమ్మర్ లెక్క కొట్టడం లేదు. డ్రమ్స్ మీది ఇత్తడి పళ్లెం, ఆ సింబల్ మోత ఎక్కడ చిక్కబడుతోందో, ఎక్కడ పలచబడుతోందో అది విను" అన్నారు. రెండోసారి వేసినప్పుడు హాల్లో ఎవరూ ఫోన్ తీయలేదు. మాస్టారుగారికి సంఘం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

ఐలర్ తమ్ముడు డొనాల్డ్ అన్న బృందంలో ట్రంపెట్ వాయించేవాడు. జాజ్‌లో పెద్ద పేరున్న శాక్సోఫోన్ కళాకారుడు జాన్ కాల్ట్రేన్ కోరిక ప్రకారం 1967 జూలైలో ఆయన అంత్యక్రియల్లో ఐలర్ బృందమూ, మరో ఫ్రీ జాజ్ కళాకారుడు ఆర్నెట్ కోల్‌మన్ బృందమూ వాయించాయి. మరుసటి ఏడాది ఐలర్ సోల్, రాక్ లాంటి జనరంజక బాణీలు కలిపి, తానే పాడుతూ చేసిన 'న్యూ గ్రాస్' రికార్డు మీద అభిమానులే విరుచుకుపడ్డారు. అందులో సగం న్యాయమేనని నా అభిప్రాయం. 1970 జూలైలో ఫ్రాన్స్‌లో చేసిన కచేరీలకు జనం బ్రహ్మరథం పట్టారు. అదే ఏడాది నవంబరులో కనిపించకుండా పోయాడు. 25న న్యూయార్క్ ఈస్ట్ రివర్‌లో శవం దొరికింది. అప్పటికి 34 ఏళ్లే. ఎలా చనిపోయాడన్న ప్రశ్నే మనవాళ్లు తిప్పితిప్పి అడిగారు. సంగీతం గురించి కూడా అన్ని ప్రశ్నలు వచ్చుంటే బాగుండేది.

ఇక చెప్పక తప్పని సంగతులు. వాట్సాప్‌లో "నేనున్నా" అని బొటనవేలు చూపించినవారు బోలెడుమంది, కుర్చీలు వేయడానికి వచ్చింది నలుగురు. అందులో ఇద్దరు కార్యవర్గం వాళ్ల అత్తమామలు, వీసా మీద చూడ్డానికి వచ్చినవారు! హాలు అనుమతి కాగితాన్ని సంబంధిత కార్యాలయం వారు ముందురోజు సాయంత్రం దాకా నానబెట్టారు. ఇన్సూరెన్స్ పత్రం పంపిన ప్రతిసారీ అందలేదనే అన్నారు. ఆ టెన్షన్ అధ్యక్షులవారికీ నాకూ తెలుసు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు విడిగా ఇస్తారు. ఉగాదిలో మిగిలింది దీపావళికి సరిపోయింది. ఐలర్ సాయంత్రానికి ఖర్చు హాలు అద్దె, టీ, సమోసాలు, అంతే.

స్పీకర్లు ఇచ్చిన సభ్యుడికి, తన సొంత టెనర్ తెచ్చి పిల్లలచేత ఊదించిన యువకుడికి (ఒక్కరికీ శబ్దం రాలేదు), ఫ్లయర్ చేసిన అమ్మాయికి, సమోసాలు వేయించిన అమ్మలకు, చివరిదాకా ఉండి హాలు ఊడ్చినవారికి కృతజ్ఞతలు. వచ్చే కార్యవర్గానికి నామినేషన్ కాగితాలు ద్వారం దగ్గరే ఉన్నాయి. దయచేసి ఈసారైనా ఎవరో ఒకరు తీసుకోండి. వనభోజనాల నాటి స్టీలు గిన్నెలు, మూతలు ఇంకా మా గరాజ్‌లోనే ఉన్నాయి. ఎవరివి వారు వచ్చి పట్టుకెళ్లగలరు.

కార్యదర్శి