ఆటల పీరియడ్‌ను ఇంగ్లిషుకు బలిపెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు ఇంగ్లిషులో మాట్లాడాలని తిరుపతి బడులు పట్టుబట్టడం మంచిదే గాని, స్పోకెన్ ఇంగ్లిష్ తరగతికి కావలసిన సమయాన్ని ఆటల పీరియడ్ నుంచి లాక్కోవడం వల్ల రెండూ చెడుతున్నాయని, ఆ భాషను బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిగా చెప్పదలచాను.

ఆ తరగతుల్లో పాఠాలన్నీ ఆరోగ్యం, తీరిక వేళలు, స్నేహితుల గురించే. మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని తీరిక వేళల్లో ఏం చేస్తావని ఇంగ్లిషులో అడిగితే, తోటపని అంటే ప్రాణమని, రోజూ గులాబీలకు నీళ్లు పోస్తానని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. వాళ్లుండేది మూడో అంతస్తులో. తులసి కుండీ తప్ప మరో మొక్క లేదు. గులాబీలు గైడులోవి. నిజంగా ఏం చేస్తావమ్మా అంటే, "ట్యూషన్‌కు పోతా సార్" అని తెలుగులో ముక్తసరిగా ముగించింది. చెప్పుకోవడానికి ఏమీ జరగని పిల్ల ఏ భాషలోనైనా ఏం చెబుతుంది?

5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కౌమారంలో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణులు చెబుతారు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు పెట్టి తెల్లవారి ఐదింటికి లేపే హాస్టళ్లలో ఈ రెండింటికీ చోటెక్కడిది? పగలు నేర్చిన మాటలు నిద్రలోనే కుదురుకుంటాయన్న సంగతి అలా ఉంచుదాం.

ఆటల పీరియడ్‌ను ఆటలకే వదిలి, వారానికి రెండుసార్లు పీఈటీతో పాటు ఇంగ్లిష్ టీచరు కూడా మైదానంలోకి దిగితే చాలు. ఎల్బీడబ్ల్యూ ఔటా కాదా అన్న తగాదాను ఇంగ్లిషులో పెట్టుకోనివ్వండి. కోపం ముదిరితే తెలుగులోకి దిగుతారు, దిగనివ్వండి. మోకాలు ఎలా దోక్కుపోయిందో, ఎక్కడ నొప్పిగా ఉందో అక్కడే చెప్పించండి. చిత్తూరు వైపు నుంచి వైద్యానికి వేలూరు వెళ్లే కుటుంబాల్లో, అవ్వకు రాత్రిళ్లు ఆయాసం వస్తోందని, మాత్ర వేసుకుంటే తగ్గుతోందని డాక్టరుకు ఇంగ్లిషులో చెప్పాల్సింది చాలాసార్లు ఈ పిల్లలే. అప్పుడు గైడులోని గులాబీలు అక్కరకు రావు.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. హైస్కూలు దాటకముందే వాళ్లను ఆటల నుంచి తప్పించి, మగపిల్లల బ్యాగులకు కాపలా కూర్చోబెడుతున్నారు.

ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవమంటూ బ్యానర్ కట్టి ఫొటోలు దిగే బడులకు తనిఖీకి వెళ్లే విద్యాశాఖ అధికారులు, టైమ్‌టేబుల్ చూసి సంతకం పెట్టేముందు, ఆ పీరియడ్ వేళకు మైదానానికి వెళ్లి చూడాలి. అపార్ట్‌మెంట్లలో నడుస్తూ మైదానమే లేని బడులు దగ్గరలోని మున్సిపల్ స్థలాన్ని వాడుకునేలా నగరపాలక సంస్థతో మాట్లాడి ఏర్పాటు చేయాలి.

– విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు, తిరుపతి