మోకాళ్ల నొప్పులకు వైద్యుణ్ణి పంపండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి,

వేరుశనగ చేలలో ఏళ్ల తరబడి వంగి కలుపు తీసి మోకాళ్లు అరిగిన మా ఊరి ఆడవాళ్ల తరఫున ఇచ్చిన అర్జీలకు జవాబు రానందున, నలుగురి ఎదుట ఈ లేఖ రాస్తున్నాను.

కీళ్లు అరిగి నొప్పి పెట్టే సంధివాతానికి, మోకాలి చుట్టూ మినపపిండితో కట్ట కట్టి గోరువెచ్చని తైలం నిలిపే జానువస్తి వంటి చికిత్సలు ఆయుర్వేదంలో ఉన్నాయి. అరిగిన కీలు వాటితో తిరిగి వస్తుందని నేను అనను. కానీ నొప్పి కాస్త తగ్గి రాత్రి నిద్ర పట్టడం కూలి మనిషికి చిన్న విషయం కాదు. మా మండల ఆయుర్వేద వైద్యశాలలో ఆ చికిత్స చేయడానికి వైద్యులే లేరు. అందుకే ఆ ఆడవాళ్లు సంతలో పేరు లేని మాత్రలు కొని మింగుతున్నారు. వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చన్నదే నా భయం.

శాశ్వత నియామకం కోసం ప్రభుత్వానికి రాయాలని, అంతవరకు వారానికి రెండు రోజులైనా డిప్యుటేషన్‌పై వైద్యుణ్ణి పంపాలని, ఆ మాత్రలను ఔషధ తనిఖీ అధికారులతో పరీక్షింపజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు