పై పొర పోస్తే కింది పొర కరగకూడదు

సంపాదకులకు,

ప్లాస్టిక్ సోలార్ సెల్‌ను పత్రిక అచ్చేసినట్టే పొర మీద పొర అచ్చేయొచ్చని మీ సైన్స్ పేజీలో రాశారు. న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చుకుంటుంది, గాజు పీల్చుకోదు. రెండో పొర పోయగానే దాని ద్రావణి కింది పొరను కరిగించేస్తుంది. ఎలక్ట్రాన్లను మోసే పాలిమర్ పొరకు అసలు చిక్కు ఇదే. వ్యాసంలో ఆ ఊసే లేదు.

ఉదాహరణకు, 2009లో వెలుగులోకి వచ్చిన ఎన్2200 అనే పాలిమర్ ఎలక్ట్రాన్లను బాగా మోస్తుంది. కానీ క్లోరోఫాంలో, క్లోరోబెంజీన్‌లో కరుగుతుంది. కాంతిని పీల్చే పాలిమర్ పొరా వాటిలోనే కరుగుతుంది కనుక దాని మీద నేరుగా పోయడం కష్టం. కాంతిని పీల్చే పొర పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థమైతే దాని మీద పోయొచ్చు, దాన్ని క్లోరోబెంజీన్ కరిగించదు.

అందుకే పాలిమర్ పొర మీద, దాన్ని సాధారణంగా కరిగించని మిథనాల్‌లో కలిపి, పీఎఫ్ఎన్ అనే మరో పాలిమర్ వాడతారు. ఇది మిథనాల్‌లో కరగాలంటే మిల్లీలీటరుకు 2 మైక్రోలీటర్ల అసిటిక్ ఆమ్లం కలపాలి. పాలిమర్ కొమ్మల చివరనున్న ఎమీన్లు (నైట్రోజన్ ఉన్న క్షార గుంపులు) ఆ ఆమ్లం నుంచి ప్రోటాన్ అందుకుంటేనే అది కరుగుతుంది. కింద జింక్ ఆక్సైడ్ ఉంటే మాత్రం ఆ ఆమ్లమే దాన్ని తినేస్తుంది. పీఎఫ్ఎన్ పొర మందం 5 నానోమీటర్ల దగ్గర ఆగాలి. మందమైతే కరెంటు-వోల్టేజి గీత ఎస్ అక్షరంలా వంగి, ఫిల్ ఫ్యాక్టర్ (సెల్ నుంచి నిజంగా రాబట్టగల శక్తి వాటా) పడిపోతుంది.

ముందుగా కింది పొర మీద ఉత్త మిథనాల్ పోసి, పలుచగా పరుచుకునేలా గాజు పలకను గిరగిరా తిప్పి, కాంతి శోషణ ముందూ తర్వాతా కొలవండి. తగ్గిందంటే పొర కొట్టుకుపోయినట్టే. ఇంకో మాట: ఉత్త మిథనాల్‌తోనే కొన్ని సెల్స్ మెరుగుపడతాయి. ఆ పోలిక లేకుండా ఘనతంతా పీఎఫ్ఎన్‌కు కట్టబెట్టడం తొందరపాటు.

ఇదే పనికి వాడే పీఈఐఈ అనే ఇంకో పాలిమర్ సంగతి వేరు. అది అసలు విద్యుత్తును మోయదు. ఎలక్ట్రోడ్‌కు అంటుకుని దాని వర్క్ ఫంక్షన్‌ను (ఎలక్ట్రాన్‌ను బయటకు లాగడానికి కావలసిన శక్తిని) దాదాపు ఒక ఎలక్ట్రాన్ వోల్టు తగ్గిస్తుంది, అంతే. నీళ్లలో 37 శాతంగా దొరికే సరుకు ఒక గ్రాముకు 90 గ్రాముల మిథాక్సీఇథనాల్ కలిపితే 0.4 శాతం వస్తుంది. నిమిషానికి 5000 చుట్ల వేగంతో ఒక నిమిషం తిప్పి, 100 డిగ్రీల హాట్ ప్లేట్ మీద 10 నిమిషాలు ఆరబెట్టాలి. ఈ ద్రావణి ఆవిరి ప్రమాదకరం, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. ఎలక్ట్రాన్లను అందుకోవడానికి ఫుల్లరీన్ (బంతి ఆకారపు కార్బన్ అణువు) వాడే సెల్స్‌కు కుదిరిన ఈ వంట, దాని బదులు వాడే ఐటీఐసీ లాంటి కొత్త పదార్థాలకు కుదరదు: పీఈఐఈలోని ఎమీన్లు వాటి జంట బంధాల మీద దాడి చేస్తాయి.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు సామర్థ్యం అంకె పక్కన ద్రావణి పేరు, పొర మందం కూడా ఇవ్వగలరు.

— మెటీరియల్ సైన్స్ పాఠకులు, హైదరాబాద్